పదేళ్ళకి రెండు నెలలు తక్కువ

"ఇదేం టీ? చక్కెర అనుకుని ఉప్పు వేశావా ఏంటి?" అంటూ రస్ మొదటి గుక్కని పక్కనున్న ఎర్రమట్టి మీద ఊసేశాడు.

కొరలీ తన కప్పులోది కాస్త నాలిక మీద పోసుకుని చూసింది. ఉప్పు కాదు, బోరు నీళ్ళు. ప్రయాణికులు దిగే ఆ మకాంలో కుళాయిలు రెండున్నాయి. స్నానాల గది గోడకున్నది బోరుది. భూమి అడుగునుంచి గోరువెచ్చగా, కుళ్ళిన గుడ్డు వాసనతో వస్తుంది, ఒళ్ళు కడుక్కోవటానికి. రేకుల షెడ్డు పక్కన పెద్ద ట్యాంకుకున్నది వాననీళ్ళది, తాగటానికి. రెండింటి మీదా చెక్క కొట్టి రాసిపెట్టారు. ఈ దారిన వచ్చేవాళ్ళెవరైనా బండి దిగగానే మొదట చూసేది ఆ చెక్కనే. నిన్న సాయంత్రం ఇరవై లీటర్ల క్యాన్లు చెరో చేత్తో పట్టుకుని, "నీళ్ళ సంగతి నాకొదిలెయ్ కోరీ, నువ్వు హాయిగా కూర్చో" అని వెళ్ళింది రస్సే. అతను నీళ్ళు పట్టి, పక్క గుడారం ఆయనతో టైర్లలో గాలి గురించి మాట్లాడి తిరిగొచ్చేలోపు ఆమె ట్రెయిలరు మీది గుడారం విప్పి, నాలుగు పక్కలు పరిచి, బంగాళాదుంపలు తరిగి, డీన్ మోకాలి గాయానికి మందు రాసింది. హాయిగా కూర్చోవటం ఒక్కటే మిగిలిపోయింది.

"బోరు కుళాయి దగ్గర పట్టినట్టున్నావు" అంది.

"అయితే పొయ్యి మీద పెట్టేముందు నువ్వు చూసుకోవద్దూ? వాసనే చెప్తుంది కదా!"

చూసుకోవద్దూ. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆమె ఎక్కువసార్లు విన్న మాట అదే అయుంటుంది. కారు రిజిస్ట్రేషను గడువు అతను దాటబెడితే ఆమె చూసుకోవద్దూ. వాళ్ళమ్మ పుట్టినరోజు అతను మర్చిపోతే ఆమె చూసుకోవద్దూ. ఆఖరికి నిరుడు అతను కొన్న చెప్పులు కాలికి బిగుతైనప్పుడు కూడా, షాపులో పక్కనే ఉండి నువ్వు చూసుకోవద్దూ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. రస్ గట్టిగా అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి అసలే కాదు. అందుకే అతని మీద ఫిర్యాదు చెయ్యటానికి కొరలీకి ఎప్పుడూ సరైన మాట దొరకలేదు.

ఆమె కెటిల్ ఒంపేసింది. రెండు క్యాన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఈడ్చుకెళ్ళి స్నానాల గది వెనక గుమ్మరించింది. వాననీళ్ళతో రెండుసార్లు తొలిచి, మళ్ళీ నింపి, మళ్ళీ ఈడ్చుకొచ్చింది. జులై పొద్దు, ఆ దేశంలో నడి చలికాలం, వేళ్ళు కొంకర్లు పోయే చలి. కాన్వాస్ చుట్టపరుపు లోంచి తల మాత్రం బయటపెట్టి పదేళ్ళ డీన్, "అమ్మా, నా రెండో సాక్సు ఏదీ?" అన్నాడు. పదిహేనేళ్ళ బ్రోన్విన్ చెవుల్లో పాటలు పెట్టుకుని, మెలకువగా ఉందని ఎవరికీ తెలియకుండా కళ్ళు మూసుకునే ఉంది. ఆ విద్య ఆ పిల్లకి ఎప్పుడొచ్చిందో అని కొరలీకి కాస్త అసూయ కూడా కలిగింది.

వయాలాలో ఇంటికి తాళం పెట్టి బయల్దేరి ఇది ఐదోరోజు. దీన్ని సెలవంటారు. ఇంట్లో చేసే పనే ఇక్కడా, కాకపోతే మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యాలి, రెండు గ్లాసుల నీళ్ళతో నలుగురి కంచాలు కడగాలి. ఎర్రదుమ్ము దూరని చోటు లేదు. మూత బిగించిన పిండి డబ్బాలో, టూత్‌బ్రష్షుల్లో, డీన్ చెవుల్లో, ఆమె లోదుస్తుల సంచీలో కూడా. పొద్దున్న దులిపింది మధ్యాహ్నానికి మళ్ళీ దులపాలి. వచ్చేముందు అత్తగారు నాన్స్ గేటు దగ్గర నిలబడి, "అదృష్టవంతురాలివి కొరలీ. మా ఆయన జన్మలో నన్ను పక్క ఊరి జాతరకి కూడా తీసుకెళ్ళలేదు. మావాడు సెలవులన్నీ పెళ్ళాంపిల్లలకే ధారపోస్తాడు" అంది. కొరలీ చేతిలో అప్పుడు నాలుగు పరుపులున్నాయి. తన సెలవు రెండు వారాలు కూడా ఇందులోకే పోయాయని ఆవిడకి గుర్తు లేదు. నిజానికి ఎవరికీ గుర్తు లేదు.

సాయంత్రం ఐదయ్యేసరికి మకాంలో అందరూ ఎవరి కుర్చీ వాళ్ళు, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుని ఒకే నెగడు చుట్టూ చేరతారు. పిలవనక్కర్లేదు, రాకపోతేనే బాగుండదు. ఆ రోజు నెగడు మెర్వ్, డల్సీలది. డెబ్భై దగ్గరపడ్డ దంపతులు. ఆరేళ్ళుగా క్యారవాన్లోనే కాపురం. మెర్వ్ పాత రైలుకట్ట స్లీపరు ముక్కల్ని మంటలో సర్దుతూ, "ఏం రస్ బాబూ, ఎలా ఉంది ఇవాళ?" అన్నాడు.

"మా ఆవిడ టీ తాగి బతికున్నాను, అంతకంటే ఏం కావాలి? దారిలో ఆ ఉప్పుసరస్సు ఉంది చూశారూ, దాన్ని వేడిచేసి కప్పులో పోసినట్టే!"

అందరూ నవ్వారు. కొరలీ కూడా నవ్వింది. నవ్వు తన నోట్లోంచే వస్తోందని ఆమెకి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. నీళ్ళు పట్టింది ఎవరో చెప్పొచ్చు. చెప్తే సరదాని పాడుచేసినట్టవుతుంది. సరదా పాడుచేసే పెళ్ళాలని ఇలాంటి నెగళ్ళ చుట్టూ ఎలా చూస్తారో ఆమె చూసింది. అందుకని సాసేజీలు తిరగేస్తూ ఉండిపోయింది.

రెండో సీసా మూత తీస్తూ రస్ అన్నాడు: "ఇదంతా రిహార్సలే, మెర్వ్. అసలు సినిమా జనవరిలో. దేశం మొత్తం చుట్టేస్తాం. ఏడాది పాటు."

కొరలీ చేతిలో పట్టకారు ఆగింది.

"భేష్! పిల్లల చదువో?" అన్నాడు మెర్వ్.

"పాఠాలు పోస్టులో వస్తాయి కదా. కోరీ చెప్పుకుంటుంది. తను ఓపిగ్గా చెప్తుంది. ఇల్లు అద్దెకిచ్చేస్తాం. ఫ్యాక్టరీలో మావాళ్ళకి పోయిన నెలే చెప్పేశాను నేను. ఇరవై ఏళ్ళ సర్వీసు, సెలవు బోలెడు పోగుపడి ఉంది."

పోయిన నెలే. పోయిన నెల ఏ రోజయి ఉంటుంది? ఆ రోజు రాత్రి తను ఏం వండింది? అన్నం తింటూ అతను ఏం మాట్లాడాడు? ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌కి తెలుసు, ఇప్పుడు మెర్వ్‌కి తెలిసింది, ఆవలి గుడారం జర్మన్ కుర్రజంటకి కూడా తెలిసింది. రస్ ఆమె వైపు తిరిగి, "ఏం కోరీ, అదిరిపోతుంది కదూ?" అన్నాడు. ఆమె తల ఊపింది. అలవాటు మెడలోనే ఉంటుంది కాబోలు.

గిన్నెలు కడిగే బల్ల దగ్గర డల్సీ తుడుస్తూ, కొరలీ కడుగుతూ నిలబడ్డారు. పడమట ఇంకా ఎర్రగానే ఉంది.

"నీకు ఇప్పుడే తెలిసింది కదూ అమ్మాయ్?" అంది డల్సీ, గొంతు తగ్గించి.

కొరలీ ఇంకో కంచం నీళ్ళలో ముంచింది.

"నాకూ అంతే. మా ఇల్లు అమ్మకానికి పెట్టిన సంగతి రొట్టెల షాపులో తెలిసింది." డల్సీ చిన్నగా నవ్వింది. "నా కుట్టుమిషను బరువన్నాడు మెర్వ్, బండి లాగలేదట. సరే అని మా చెల్లికిచ్చేశాను. ఆయన రెంచీల పెట్టె చూశావా? ఇద్దరు పట్టాలి. అది మాత్రం బరువు కాలేదు. మొదటి ఏడాది స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఏడ్చేదాన్ని. తలుపు గడియ పెట్టుకునేది అదొక్కటే కదా. తర్వాత అలవాటైపోతుందిలే, దిగులుపడకు."

ఓదార్చటానికే అంది పాపం. కొరలీకి మాత్రం ఆ చివరి మాట విన్నాకే భయం వేసింది.

మర్నాడు పొద్దున్న గుడారం మడుస్తున్నప్పుడు ఆమె అడిగింది. అవతలి కొస రస్ పట్టుకున్నాడు, ఇవతలి కొస తను.

"జనవరిలోనే ఎందుకు? మార్చి దాటాక వెళ్ళకూడదా?"

"అప్పుడెలా కుదురుతుంది? దక్షిణం అంతా ఎండాకాలంలో చూసేసి, చలికాలానికి ఉత్తరం చేరాలి. వానలు తగ్గాకే కదా అక్కడ రోడ్లు తెరిచేది. అంతా మ్యాపు మీద గీసి పెట్టాను. మార్చిలో ఏముంది నీకు?"

"పదేళ్ళు నిండుతాయి."

"దేనికీ?"

నిజంగానే తెలియక అడిగాడు. అదే ఆమెకి గుండెల్లో గుచ్చుకుంది. ఒకేచోట పదేళ్ళు పనిచేస్తే పదమూడు వారాల సెలవు. ఆ దేశంలో అది తెలియని మనిషి ఉండడు. రస్‌కి పదేళ్ళు నిండినప్పుడు ఇంట్లో కేకు కోశారు. ఆ మూడు నెలలూ అతను చేపలు పట్టాడు, పెరట్లో షెడ్డు కట్టాడు. మధ్యాహ్నం నిద్రపోయి లేచి, "ఆహా, ఇదీ జీవితమంటే" అన్నాడు. కొరలీ మొదటి ఉద్యోగంలో ఆరేళ్ళు చేసింది. బ్రోన్విన్ కడుపున పడ్డప్పుడు నాన్స్, "పసిదాన్ని ఎవరి చేతుల్లోనో పెట్టి వెళ్తావా? మా వంశంలో లేదమ్మా" అంటే మానేసింది. మళ్ళీ మొదలుపెట్టి నాలుగేళ్ళు చేసింది. రస్‌ని వాళ్ళ కంపెనీ పై ఉద్యోగమిచ్చి వయాలా ఫ్యాక్టరీకి మార్చింది, మానేసింది. మానేసిన ప్రతిసారీ లెక్క సున్నా దగ్గర్నుంచి మొదలు. అలా ఆమె మొత్తం పందొమ్మిదేళ్ళు పైచిలుకు పనిచేసింది, పదేళ్ళు మాత్రం ఒక్కసారీ నిండలేదు. మూడోది ఆ ఊరి ఆసుపత్రిలో, రోగుల ఫైళ్ళుండే గదిలో. తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు.

"అదా!" అన్నాడు రస్, విషయం చెప్పాక. "రెండు నెలలే కదా తక్కువ? ఎవరో ఒకరిని బతిమాలితే ఇవ్వరూ? ఇవ్వకపోతే మాత్రం ఏమైంది కోరీ, పదమూడు వారాలకి బదులు ఏడాదంతా సెలవే కదా నీకు!"

ఆమె చేతిలోని గుడారం కొసని ఇంకో మడత పెట్టింది.

ఆ రోజంతా ప్రయాణమే. మట్టిరోడ్డు అలల్లా గట్టిపడి, బండిలో గిన్నెలూ, పళ్ళూ, మాటలూ అన్నీ కలిసి గడగడలాడాయి. పక్కనే ఎప్పుడో ఎత్తేసిన రైలుకట్ట. పట్టాలు లేవు, వంతెనలు మాత్రం ఉన్నాయి. నీళ్ళు లేని వాగుల మీదుగా, ఎవరూ దాటని వంతెనలు. గంటకో బండి ఎదురైతే గొప్ప. ఎదురైన ప్రతివాడికీ రస్ స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తి పలకరించేవాడు. వాళ్ళూ ఎత్తేవారు. ఆ దారిలో అది మర్యాద. కొరలీ కమలాపండు తొనలు ఒలిచి అతని నోటికందిస్తూ, వెనక్కి శాండ్‌విచ్‌లు అందిస్తూ, మ్యాపు మడతలు మారుస్తూ కూర్చుంది. ఉదయం నుంచి అతను తన ముఖంలోకి ఒక్కసారి కూడా చూడలేదని గమనించింది. కోపంతో కాదు. కోపమైతే అదొక పలకరింపు. అతని మనసులో ఆ సంగతి తేలిపోయింది, అంతే. వెనక సీట్లో ఇద్దరూ కిటికీలకి అతుక్కుని ఎవరి లోకంలో వాళ్ళున్నారు. నలుగురు మనుషుల ఊపిరితో అద్దాలు మసకేస్తున్నాయి, అయినా ఆ బండిలో తను ఒక్కతే ఉన్నట్టనిపించింది. బయట ఎంత దూరం చూసినా రాళ్ళూ ఆకాశమూ తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీ ఆమెకి భయమనిపించలేదు, తెలిసిన చోటులాగే ఉంది.

ఫైళ్ళ గది గుర్తొచ్చింది. నేలమాళిగలో కిటికీ లేని గది. రస్ దృష్టిలో అది కాయితాలు అటు తీసి ఇటు పెట్టే పని. కానీ ఒక ఫైలు ఒక్క అంకె తేడాతో తప్పు అరలో పడితే అది పోయినట్టే. డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. అప్పుడు కొరలీని పిలుస్తారు. ఏడుని ఒకటిగా చదివి ఉంటారనో, పెళ్ళికి ముందు ఇంటిపేరు కింద పెట్టి ఉంటారనో ఊహించి, వెళ్ళి చేత్తో తీసినట్టు తీస్తుంది. అక్కడ ఆమెని ఎవరూ పొగడరు గానీ, ఆమె వెతికితే దొరికినట్టే అని నమ్ముతారు. రెండేళ్ళుగా అరల మధ్య నడుస్తూ ఆ పదమూడు వారాల గురించి ఆలోచించుకునేది. ఎక్కడికీ వెళ్ళాలని లేదు. తన ఇంట్లోనే ఉండాలి. సోమవారం పొద్దున్న లేచి, ఎవరికీ ఏదీ అందివ్వకుండా, వంటింటి బల్ల దగ్గర కూర్చోవాలి. ఆకలేస్తే తినాలి, వెయ్యకపోతే లేదు. అయితే ఎప్పుడు ఊహించుకున్నా ఒకచోట ఆగిపోయేది. మరి వీళ్ళంతా ఎక్కడుంటారు? తన సెలవు రోజుల్లో వీళ్ళకి సాయంత్రం ఆరింటికి అన్నం ఎవరు పెడతారు? వాళ్ళని పంపించటానికి చోటు దొరక్క, ఊహని మధ్యలోనే మడిచి పెట్టేసేది.

మధ్యాహ్నం రెండింటికి ఊద్నదత్త చేరారు. ఒక వీధి, ఒక దుకాణం, దాని ముందు పెట్రోలు పంపు, పక్కన ఫోన్ల డబ్బా. రస్ జేబులోంచి చిల్లర తీసి ఆమె చేతిలో పోశాడు.

"మళ్ళీ నాలుగురోజుల దాకా ఫోనుండదు. మీ ఫైళ్ళ గదిలో సెలవులు రాసే థెల్మాకి చెప్పెయ్, మానేస్తున్నానని. ముందుగా చెప్తే మనిషిని వెతుక్కుంటారు పాపం. ఈలోగా మేం మాంసం కచోరీలు తింటూ ఉంటాం."

డబ్బా లోపల ఉక్కపోత, గాజుకి ఈగలు. నంబరు తిప్పుతున్నంతసేపూ ఆమె మానేస్తున్నాననే చెప్పబోతోంది. గాజులోంచి చూస్తే ముగ్గురూ దుకాణం ముందు బల్ల మీద వరసగా కూర్చుని కాయితం సంచీల్లోంచి తింటున్నారు. ఆమె వండనిది, ఆమె వడ్డించనిది. తింటున్నారు. బాగానే తింటున్నారు. డీన్ గడ్డం మీద సాసు కారింది. చేత్తో తుడుచుకున్నాడు.

అప్పుడు తట్టింది ఆమెకి. వీళ్ళని ఎక్కడికి పంపాలా అని రెండేళ్ళు ఆలోచించింది. రస్ మ్యాపు మీద గీసి మరీ పెట్టాడు.

"రికార్డ్స్" అంది అవతల థెల్మా.

"నేను, కొరలీని."

"సెలవుల్లో ఫోనేంటే? ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదు. మార్చిలో నాకు పదేళ్ళు నిండేది ఏ తారీకు?"

"పదమూడు. నాకు నోటికొచ్చు. నీ తర్వాత నేనే కదా, జూన్‌లో."

"ఏప్రిల్ మొదటివారం నుంచి రాసుకో. పదమూడు వారాలూ. ఒకేసారి కావాలి."

"అబ్బో! ఎక్కడికి తల్లీ, బాలీకా?"

"ఎక్కడికీ కాదు. ఇంట్లో ఉంటాను."

"ఇంట్లోనా!" థెల్మా పకపకా నవ్వింది. "ఇంట్లో ఉంటే అది సెలవెలా అవుతుందే? రస్ పొద్దున్నే గుడ్లు వేపమంటాడు."

"రస్ ఊళ్ళో ఉండడు. పిల్లలూ ఉండరు."

నవ్వు ఆగింది. "కొరలీ, అంతా బాగానే ఉందా?"

"చిల్లర అయిపోవచ్చింది. పెన్సిలుతో కాదు థెల్మా, పెన్నుతో రాయి."

ఆమె బయటికొచ్చేసరికి గాలి లేచింది. రస్ కాయితం ఉండచుట్టి చెత్తడబ్బాలోకి విసిరి, "చెప్పేశావా?" అన్నాడు.

"చెప్పాను."

"ఏమంది? ఏడ్చిందా ముసల్ది?"

"ఏప్రిల్ నుంచి ఇస్తానంది. పదమూడు వారాలు."

"ఏప్రిలేంటి? జనవరిలో కదా మనం..."

"మీరు జనవరిలో వెళ్ళండి. చలికాలానికి ఉత్తరం చేరాలి కదా, ఆలస్యం చెయ్యకూడదు. నేను ఇంట్లో ఉంటాను."

రస్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను పిల్లల వంక చూసి, మళ్ళీ ఆమె వంక చూశాడు. ఆ రోజు మొదటిసారి ముఖంలోకి చూశాడు.

"ఇల్లు అద్దెకిస్తున్నాం కదే."

"ఇవ్వటం లేదు."

"మరి వీళ్ళ చదువో?"

"పాఠాలు పోస్టులో వస్తాయి. నాకెంత వచ్చో నీకూ అంతే వచ్చు."

"వంటా? బట్టలూ? నేను బండి నడపాలా, ఇవన్నీ చూసుకోవాలా? ఏడాది పాటు ఒక్కణ్ణీ ఎలా చేస్తాననుకున్నావు?"

"నేను ఇరవై ఒక్క ఏళ్ళు చేశాను. కష్టమే రస్. కష్టం కాదని నేననటం లేదు."

అతను గొంతు తగ్గించి, దుకాణం వాళ్ళు వింటారేమోనన్నట్టు, "అమ్మకేం చెప్పను?" అన్నాడు.

"ఏది నిజమో అది చెప్పు."

డీన్ బిక్కమొహం వేశాడు. "నా సాక్సులెవరు వెతుకుతారు?" అన్నాడు. కొరలీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడి జుట్టులో చెయ్యిపెట్టి దుమ్ము దులిపింది. వాణ్ణి వదిలి ఉండగలదా? ఉండగలనని ఆమెకి నమ్మకం లేదు. ఏప్రిల్ మూడోవారానికే బస్సెక్కి వీళ్ళున్న చోటికి పరిగెత్తుతుందేమో. అలా జరిగినా అది తను ఎక్కిన బస్సవుతుంది.

బ్రోన్విన్ చెవుల్లోని పాటలు ఎప్పుడు తీసిందో తీసేసింది. తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

"అమ్మా, అంత పెద్ద ఇంట్లో ఒక్కదానివే... ఒంటరిగా అనిపించదూ?"

కొరలీ ఆలోచించింది. అబద్ధం చెప్పటానికి అదే సరైన సమయం. ఏదో ఒకటి చెప్పి పిల్ల మనసు తేలిక చెయ్యొచ్చు.

"అనిపిస్తుంది" అంది. "ఇప్పుడు అనిపించినంత మాత్రం అనిపించదు."

దుకాణం రేకు ఎక్కడో గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఇలాంటప్పుడు నలుగురి మధ్యా ఏదో ఒక మాట వేసి, కాస్త టీ అనో, పదండి పొద్దుపోతోందనో అని, అందరినీ తేలికపరచటం ఎప్పుడూ ఆమె పని. రస్ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆమె బల్ల మీద ఖాళీగా ఉన్న చివర్లో కూర్చుంది, కాళ్ళు చాపుకుంది. ఏమీ అనలేదు.